ఒక ఈడువాళ్ళు

నాయుడుపేట నుంచి వచ్చిన ఆటో ఊరి మొదట్లో ఆగేసరికి చెంచులక్ష్మి ఇంటి ముందర రోడ్డు మీద వడ్లు తిరగబెడుతోంది.

మిషన్ కోసి పోసిన వడ్లు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తారురోడ్డుకు ఒక వారగా పట్టలు పరిచి పలచగా నెరిపారు. రెండు పాదాలూ వడ్లలో ఆనించి, కాలు పైకెత్తకుండా ఈడ్చుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు పోవాలి. పోయినంత మేరా సాలు పడి అడుగు వడ్లు పైకి వస్తాయి. దాని పక్కన ఇంకో సాలు. ఎండ ముదిరేకొద్దీ పట్ట కాలుతుంది. వడ్ల నుసి మెడ మీది చెమటకు అంటుకొని చిటచిటలాడుతుంది. అయినా ఆపడానికి లేదు. సాయంత్రం మిల్లు మనిషి వచ్చి నాలుగు గింజలు కొరికి చూసి, "ఇంకా తేమ ఉండాదే" అన్నాడంటే రేపు మళ్ళీ ఇదే పని.

"వదినా!"

ఆటో దిగిన ఆడబిడ్డ కామాక్షి నవ్వుతూ నిలబడి ఉంది. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో స్వీట్ల డబ్బా. తిరుపతిలో పిహెచ్‌డి పూర్తిచేసి, అక్కడే ఒక డిగ్రీ కాలేజీలో ఈ మధ్యే వృక్షశాస్త్రం చెప్పడానికి చేరింది. బస్సులో వచ్చినా మొహం మీద అలసట లేదు. జుట్టు వదులుగా వేసుకుని క్లిప్పు పెట్టుకుంది. ఆ జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. చెంచులక్ష్మి కళ్ళు అది వెతికాయి గాబట్టే లేదని తెలిసింది.

"ఉండు, నేనూ రెండు సాళ్ళు తోల్తా," అని కామాక్షి చెప్పులు విప్పి వడ్లలోకి దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో, "అబ్బా! గుచ్చుకుంటా ఉండాయి వదినా! నువ్వెట్టా తిరగతావో ఏమో!" అని నవ్వుతూ పట్ట బయటికి ఎగిరింది. ఒంటికాలి మీద నిలబడి, అరికాలు పైకి తిప్పి, అంటుకున్న గింజ తీసి పారేసింది. ఆ అరికాలు గులాబీ రంగులో మెత్తగా ఉంది. చెంచులక్ష్మి మడమల పగుళ్ళలో ఎప్పుడూ రెండు మూడు గింజలు ఇరుక్కునే ఉంటాయి. సాయంత్రం నీళ్ళు పోసుకునేటప్పుడు పిన్నీసుతో తీసుకుంటుంది. ఆమె పాదాలను వడ్లలోకి ఇంకొంచెం లోతుగా తోసుకుంది.

"అత్త ఎదురుజూస్తా ఉండాది, పో," అంది.

రోడ్డున పోతున్న కామమ్మ ఆగి, చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవురు మే, పోలేరమ్మ కూతురా? ఇంకా పిల్ల మాదిరే ఉండాదే!"

"అవును," అంది చెంచులక్ష్మి. "పిల్లే."

ఇంట్లోకి వచ్చేసరికి పోలేరమ్మ వసారాలో మంచం మీద కూర్చుని కూతురి చెంప నిమురుతోంది. తుంటి ఎముక విరిగి అతికినప్పటి నుంచి ఆమె నడుం వంగిపోయింది. కర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేదు. కూర్చుంటే మాత్రం ఇల్లంతా ఆమె చేతికింద ఉన్నట్టే ఉంటుంది.

"చెంచూ, అమ్మాయికి మజ్జిగ ఇయ్యి. ఎండన పడి వచ్చింది."

చెంచులక్ష్మి మజ్జిగ చిలికి, ఉప్పేసి, పెద్ద గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. తను కూడా ఎండలోంచే వచ్చిందని ఆ క్షణాన ఎవరికీ తోచలేదు. తనకే ఆలస్యంగా తోచింది.

"ఎల్లుండి వస్తా ఉండారు వెంకటాచలం ఊరోళ్ళు, అమ్మాయిని చూసుకోను," అంది పోలేరమ్మ గొంతు తగ్గించి. "పిల్లోడి పేరు సుశీల్ కుమార్. గూడూరులో పాలిటెక్నిక్ లెక్చరరు. చదువూ చదువూ అని వాడూ ముప్పై దాటించినాడు. చదవనోళ్ళ పనేమన్నా బాగుండాదా అంటే అదీ లేదు. మన పక్కింటి వినోద్ గాణ్ణి చూడు. పదో తరగతి తప్పినాడని పిల్లనిచ్చేవాడే లేడు. మూడెకరాలుండాది, ఏం లాభం? ఇప్పుడు ఆడపిల్లలే డిగ్రీలడగతా ఉండారు." కోడలి వైపు తిరిగింది. "చెంచూ, విన్నావా? అమ్మాయికి ఇరవై ఆరని చెప్పినాం మధ్యవర్తితో. నోరు జారబాక."

"సరే అత్తా."

"మీరిద్దురూ కలిసి సదువుకున్న సంగతి ఎత్తనే బాక. నీ వయసు అడిగినారనుకో, ముప్పై నాలుగని చెప్పు. పెద్దోడి పెళ్ళానివి గదా, అంతుంటేనే ఒప్పుద్ది. బిడ్డకి పదకొండేళ్ళాయె. నిన్ను చూసి ఎవురూ కాదనరులే."

కామాక్షి గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏందమ్మా నువ్వు! వయసులు కూడా మడి చెక్కలా? ఇటు కోసి అటు కలుపుతా ఉండావు!"

చెంచులక్ష్మి కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయి, కడిగి బోర్లించి, మళ్ళీ తీసి మళ్ళీ కడిగింది. నాలుగేళ్ళు తగ్గించుకుంటే తగ్గించుకోనీ. అవి పడెయ్యడానికి చోటే లేనట్టు తెచ్చి తన నెత్తిన పెట్టాలా? అంతకంటే కుట్టింది ఇంకొకటి. నిన్ను చూసి ఎవరూ కాదనరు. ఆ మాట నిజమేనని ఆమెకు తెలుసు.

మరునాడంతా ఇంటిపని. వసారా గోడలకు వెల్ల వేసింది. కిటికీ చువ్వలు తుడిచింది. గేదెల దగ్గర పేడ ఎత్తి నీళ్ళు కొట్టింది. మధ్యలో రోడ్డు మీదికి పోయి వడ్లు తిప్పి వచ్చింది. భర్త పెంచలయ్య ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి పడేసి, మిల్లు వాళ్ళతో మాట్లాడాలని వెళ్ళిపోయాడు. కామాక్షి సాయం చేస్తానని రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పోలేరమ్మ వెనక్కి పిలిచింది. "చేతులు కాయలు కాస్తాయి, కూచో అమ్మీ. రేపు నలుగురూ చూసే చేతులు."

సాయంత్రం చెంచులక్ష్మి పప్పు రుబ్బుతుంటే కూతురు జాహ్నవి సైన్సు పుస్తకం పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఆకు ఎండలో ఆహారం ఎట్టా చేసుకుంటాది? ఆ పచ్చగా ఉండేదాన్ని ఏమంటారు?"

చెంచులక్ష్మి చెయ్యి ఆగింది. ఆ పదం తనకు తెలుసు. నాలిక కొస మీదే ఉంది. ఆ పాఠం బొమ్మ కూడా కళ్ళముందు కనిపిస్తోంది. ఆకు, ఆకు మీద బాణం గుర్తులు, పైన సూర్యుడు. ఆ బొమ్మ తను వేస్తే సైన్సు అయ్యవారు క్లాసంతా తిప్పి చూపించాడు. బొమ్మ వచ్చింది గాని పదం రావడం లేదు. పిల్ల కాలు మార్చి నిలబడింది.

"అత్తని అడుగుతాలే," అంటూ పరిగెత్తింది.

వసారాలోంచి కామాక్షి గొంతు వినిపించింది. ఒక పదం చెప్పి ఆగలేదు. ఆకును చీల్చి చూపిస్తూ, చేతులు తిప్పుతూ, కథ చెప్పినట్టు చెబుతోంది. పిల్ల నోరు తెరిచి వింటోంది. చెంచులక్ష్మి తలుపు వారనుంచి చూసింది. తన కడుపున పుట్టిన పిల్ల తన వైపు ఎప్పుడూ అలా చూడలేదు. అన్నం పెట్టే మనిషిని ఎవరైనా అలా ఎందుకు చూస్తారు? రుబ్బిన పిండి చేతికి అట్ట కట్టేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఈ సంబంధం కుదిరితే కామాక్షి వెళ్ళిపోతుంది. కుదరకపోతే? కుదరకపోతే బాగుండునని తన లోపల ఎవరో స్పష్టంగా అన్నారు. ఆ గొంతు తనదే. చెంచులక్ష్మి గబగబా పోయి చెయ్యి కడుక్కుంది.

మూడోరోజు పొద్దున కామాక్షికి చీర కట్టే పని కూడా ఆమె మీదే పడింది. పట్టుచీర జారిపోతోందని కామాక్షి గదిలోంచి పిలిచింది. "నాకు చుడీదార్లు అలవాటైపోయి చేతగావడంలా వదినా."

చెంచులక్ష్మి మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు పట్టింది. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఒక్కొక్క మడతా సమంగా పేర్చి, కింద అంచు నేలకు తగిలీ తగలకుండా సరిచేసి, నడుం దగ్గర దోపింది. ఆ నడుం గట్టిగా, చదునుగా ఉంది. కాన్పు చూడని పొట్ట. తన పొట్ట మీద వానపాములు పాకినట్టు చారలుంటాయి. జాహ్నవి పుట్టినప్పుడు తనకింకా పంతొమ్మిది నిండి ఎంతో కాలం కాలేదు. పిన్నీసు పెడుతుంటే చెయ్యి బిగిసింది.

"అబ్బ! గుచ్చుకుంది వదినా."

"కదలబాక మరి."

కావాలని చేసిందా? తనకే తెలియలేదు. చీర మీద రక్తం మాత్రం పడలేదు. అది చూసి స్థిమితపడింది.

"భయంగా ఉండాదా?" అని అడిగింది, ఏదో ఒకటి అనాలని.

"భయమెందుకు? ఆయనతో మాట్లాడతానే ఉండా గదా ఫోన్లో. మంచోడే. నా ఉజ్జోగం మానబళ్ళేదంట, తిరుపతిలోనే ఉండొచ్చంట. నచ్చకపోతే అప్పుడే చెప్పేసుందును." కామాక్షి అద్దంలో తన బొట్టు సరిచేసుకుంది. "నచ్చినాడు గాబట్టే రమ్మన్నా."

నచ్చకపోతే చెప్పేసేది. రమ్మంటే వచ్చారు. చెంచులక్ష్మి తన పెళ్ళిచూపులు గుర్తు చేసుకోబోయి ఊరుకుంది. అవి జరగలేదు. నాయుడుపేట కాలేజీనుంచి బస్సు దిగి ఇంటికి వస్తే చాప మీద పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. తాంబూలం పళ్ళెం అప్పటికే చేతులు మారింది. "నీ స్నేహితురాలి ఇల్లే గదా, కొత్తేముండాది," అన్నాడు నాయన. పోలేరమ్మ పడి తుంటి విరగ్గొట్టుకుని మంచాన ఉంది. ఇంట్లో ఆడదిక్కు కావాలి. కామాక్షి చదువు ఆగకూడదు. ఆగింది తన చదువు.

వెంకటాచలం వాళ్ళు కారులో ముగ్గురు వచ్చారు. సుశీల్ కుమార్, అతని తల్లి, మేనమామ. సుశీల్ కుమార్‌కు నుదురు దగ్గర జుట్టు కొంచెం వెనక్కి పోయింది. మాట నెమ్మది. కామాక్షి వచ్చి కూర్చోగానే ఇద్దరూ ఒకరినొకరు చూసి, నవ్వు దాచుకున్నారు. అది చెంచులక్ష్మి ఒక్కతే చూసింది. వంటింటి గడపలో నిలబడిన వాళ్ళకు అన్నీ కనిపిస్తాయి.

ఆమె బూరెలు తెచ్చి పెట్టింది. మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. నీళ్ళు తెచ్చింది. పెంచలయ్య, మేనమామ రొయ్యల గుంటల గురించి, ఈ ఏడు వడ్ల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. పెళ్ళికొడుకు తల్లి మాత్రం కామాక్షి మీదినుంచి కళ్ళు తియ్యలేదు.

"బంగారంగా ఉండాది పిల్ల," అంది చివరికి. "అంత సదువు సదివినా మొహంలో పసితనం పోలా. ఇరవై ఆరంటే ఇరవై ఆరుగా కూడా లేదు."

"కళ్ళు పడతాయి వొదినా," అని పోలేరమ్మ మురిసింది.

ఆమె అప్పుడు చెంచులక్ష్మిని చూసింది. కాఫీ గ్లాసులున్న పళ్ళెంతో పక్కనే నిలబడి ఉంది. "ఈమె మీ కోడలు గదా? మేమొచ్చిన కాడినుంచి ఎట్టా తిరగతా ఉండాదో చూస్తానే ఉండా. ఆడబిడ్డని తల్లి మాదిరి సాకినట్టుండావే అమ్మా!"

"ఆ మాట నిజమే వొదినా," అంది పోలేరమ్మ. "నా తుంటి ఇరిగిన కాడినుంచి అమ్మాయి దీని చేతుల మీదే పెరిగింది."

చెంచులక్ష్మి వంగి కాఫీ గ్లాసు ఆమె ముందు పెట్టింది. కాఫీ తొణకలేదు. తర్వాత తలుచుకున్నప్పుడు ఆమెకు భయం వేసింది ఆ నిదానానికే.

"నా చేతుల మీద యాడ పెరిగిందండీ," అంది. "మేమిద్దరం ఒకే క్లాసు. హైస్కూల్లో ఒకే బెంచీ. ఇంటర్లో కూడా ఒకే బస్సెక్కి పోయినాం. నాకూ ముప్పయ్యే, ఆమెకీ ముప్పయ్యే. నాకంటే నెల పెద్దది గూడా."

పెంచలయ్య చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అందరూ కామాక్షి వైపు తిరుగుతారు, ఆ నున్నటి మొహంలో దాచిన నాలుగేళ్ళ కోసం వెతుకుతారు అని చెంచులక్ష్మి కాచుకుని ఉంది.

ఒక్కరూ కామాక్షిని చూడలేదు.

పెళ్ళికొడుకు తల్లి చెంచులక్ష్మినే చూసింది. చెంపల మీది మంగు చూసింది. చెవుల దగ్గర నెరిసిన జుట్టు చూసింది. పళ్ళెం పట్టుకున్న చేతుల మీద తేలిన నరాలు చూసింది. గుమ్మంలో నిలబడ్డ జాహ్నవిని చూసి, మళ్ళీ తల్లిని చూసింది.

"నీకా... ముప్పయ్యేనా?" అంది. "అయ్యో తల్లీ!"

మేనమామ కూడా చూశాడు. సుశీల్ కుమార్ ఒకసారి చూసి, చూడకూడనిది చూసినట్టు కళ్ళు దించుకున్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, కామాక్షిగారు మొదటిసారి ఫోన్ చేసినప్పుడే చెప్పేసినారు, ముప్పై అని. నేనే నీకు చెప్పలా."

మేనమామ పెద్దగా నవ్వేశాడు. "మనం మాత్రం నిజం చెప్పినామా అక్కా? వీడికి ముప్పై నాలుగైతే ముప్పై ఒకటని గదా చెప్పించినావు! సరికి సరి!"

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా పోలేరమ్మ నవ్వింది. ఆ నవ్వులో చెంచులక్ష్మి విసిరిన రాయి ఎక్కడ పడిందో కూడా తెలియకుండా పోయింది. ఆమె ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వచ్చేసింది. అయ్యో తల్లీ అన్న మాట మాత్రం ఆమె వెంటే లోపలికి వచ్చింది.

కారు ఎక్కబోతూనే మేనమామ, తమకిష్టమేనని, ముహూర్తం చూసుకుని కబురు చేస్తామని చెప్పాడు. కారు మలుపు తిరిగిందో లేదో పోలేరమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

"చెంచూ! ఇట్టా రా!"

చెంచులక్ష్మి వచ్చి నిలబడింది.

"నా కూతురి సంబంధం చెడగొట్టాలని చూసినావా?"

"అవును," అంది చెంచులక్ష్మి.

కాదంటుందని, ఏడుస్తుందని, కాళ్ళు పట్టుకుంటుందని పోలేరమ్మ అనుకుంది. అవునన్నవాళ్ళను ఏమని తిట్టాలో ఆమెకు తెలియదు.

"అమ్మా, ఊరుకో," అంది కామాక్షి. "నేను ముందే చెప్పేసినా గదా ఆయనకి. అబద్ధం మీద పెళ్ళి చేసుకోవడం నాకిష్టంలేదు. వదిన చెప్పినా చెప్పకపోయినా..."

"నీ ఏళ్ళ సంగతి ముందే చెప్పుకున్నావు," అని చెంచులక్ష్మి ఆమె వైపు తిరిగింది. "నా ఏళ్ళు పెంచినప్పుడు నవ్వితివి గదా. ఆ మాట అబద్ధమని మీ అమ్మతో ఒక్కసారి అనకపోతివే."

కామాక్షి నోరు తెరిచింది. ఎంతమంది పిల్లలకో పాఠాలు చెప్పే నోరు. పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ అలాగే నిలబడింది.

"మీకు తగ్గించుకోవాలనుంటే తగ్గించుకోండి. నాకెందుకు కలిపినారు? ఆ నాలుగేళ్ళు నేనింకా బతకనే లేదు గదా!"

అంతసేపూ గోడకు ఆనుకుని ఉన్న పెంచలయ్య అప్పుడు నోరు విప్పాడు. అతని మొహంలో కోపం లేదు. లెక్క తప్పినవాడిలా ఉన్నాడు. "ముప్పయ్యేనా నీకు?" అన్నాడు. "అమ్మ ముప్పై నాలుగంటే నిజమే అనుకుంటి."

చెంచులక్ష్మి అతన్ని చూసింది. తిట్టి ఉంటే ఇంత బాధపడేది కాదు. ఇంట్లోంచి దిగి, వసారా దాటి, రోడ్డు మీదికి నడిచింది. వడ్లు పొద్దుటినుంచి తిప్పలేదు.

పొద్దు వాలేటప్పటికి తూర్పునుంచి ఉప్పటి గాలి మొదలైంది. చెంచులక్ష్మి పారతో వడ్లు రాశి చేస్తోంది. వెనక కర్ర చప్పుడు వినిపించింది. పోలేరమ్మ వసారా దిగి రోడ్డుదాకా రావడం ఎప్పుడో గాని జరగదు. వచ్చి, రొప్పుతూ, మడిచిపెట్టిన గోతాల మీద కూర్చుంది. చెంచులక్ష్మి పార ఆపలేదు. మళ్ళీ తిట్లకే వచ్చిందనుకుంది.

"ఆ వెంకటాచలం ఆమి పోతా పోతా నన్నేమందో తెల్సా?" అంది పోలేరమ్మ. "నీ కోడల్ని కొంచెం చూసుకో పెద్దమ్మా అనింది. ఆమికి యాభై ఎనిమిదంట. నన్ను పెద్దమ్మా అంటాది."

చెంచులక్ష్మి ఇంకో పార వడ్లు రాశి మీదికి ఎత్తింది.

"నువ్వొచ్చిన కొత్తల్లో నీ పెట్టెలో పుస్తకాలుండేవి. మధ్యాన్నం తీసుకొని కూచునేదానివి. మంచం మీదినుంచి చూస్తే నాకు కడుపు రగిలిపొయ్యేది. ఎందుకో నాకే తెలీదు. కూతురు సదివితే ముచ్చటగా ఉండేది, నువ్వు సదివితే మండేది. నాకు పలక గూడా కొనలేదు మా నాయన. అందుకే పనులు చెప్పేదాన్ని. నీళ్ళు గావాలనేదాన్ని. దాహం లేకపొయ్యినా."

పార ఆగింది. రెండో ఏడు ఇంటరు పరీక్షలకు పంపిస్తామని పెళ్ళిలో మాట ఇచ్చారు. ఆ మాట ఎలా మాసిపోయిందో చెంచులక్ష్మికి ఎన్నడూ అంతుబట్టలేదు. ఒక్కసారిగా ఎవరూ కాదనలేదు. ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది, అంతే.

"నాకిదంతా ఇప్పుడెందుకు చెప్తా ఉండావు అత్తా?"

"నువ్వు ఇందాక అవునన్నావే, ఆ మాట అనడానికి నాకిన్నేళ్ళు చేతగాలా. అందుకు."

చెంచులక్ష్మి పార పక్కన పెట్టింది. అత్త మొహం నిదానంగా చూసింది. ముడతలు, ఊడిన ముందరిపళ్ళు, వంగిన మెడ. "నీకు పెళ్ళయ్యేటప్పటికి ఎన్నేళ్ళు అత్తా?"

"ఏళ్ళెవురు చూసినారు? కాపరానికి వచ్చినప్పటికి ఇంకా పెద్దమనిషిని గాలేదు. పదమూడని మా అమ్మ చెప్పేది. ఆ మరుసటేడు పెద్దమనిషినైనా. ఆ పైయేడే పెంచలయ్య."

"నీ ఆధార్‌లో అరవై ఎనిమిదని గదా ఉండాది."

"ఆ ఆధార్ తీసే పిల్లోడు నా మొహం చూసి రాసుకున్నాడు. ఎంతైతే ఏముందిలే అనుకుంటి."

పెంచలయ్యకు ముప్పై ఏడు. చెంచులక్ష్మి మనసులో కలిపింది. తప్పేమోనని మళ్ళీ కలిపింది. రెండుసార్లూ అంతే వచ్చింది.

"అత్తా, నీకు యాభై రెండే."

పోలేరమ్మ నవ్వబోయింది. కోడలు నవ్వకపోవడం చూసి ఆగింది. "పో మే."

"నిజంగానే. యాభై రెండు."

ఇంకో లెక్క కూడా చెంచులక్ష్మికి తట్టింది గాని పైకి అనలేదు. తను కోడలిగా వచ్చిన రోజున మంచం మీద మూలుగుతూ కనిపించిన ముసలామెకు అప్పటికి నలభై నిండలేదు. ఆ ముసలామెకు తను ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, ముద్దలు కలిపి పెట్టింది. లోపల ఎన్నిసార్లో శపించింది. ఇప్పుడు తనున్న వయసుకు ఇంకొక్క తొమ్మిదేళ్ళ దూరంలో ఉన్న ఆడమనిషి ఆమె.

చెంచులక్ష్మి రాశి మీద పట్ట కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టింది. పోలేరమ్మ లేవడానికి చెయ్యి చాపితే, పట్టుకుని లేపింది. ఇన్నేళ్ళుగా లేపుతున్న మనిషే. ఈసారి ఆ చెయ్యి తను అనుకున్నంత ముసలిదిగా లేదు.

మరునాడు పొద్దున్నే కామాక్షి తిరుపతికి బయలుదేరింది. ఆటో ఎక్కే ముందు వడ్ల దగ్గర ఆగింది. ఏదో అనాలని చూసింది. "వదినా, నేను..." అని, ఆగి, "తప్పే నాది," అంది. అంతకంటే పెద్ద మాటలు ఆమె దగ్గర చాలా ఉండి ఉంటాయి. అవి చెప్పకపోవడమే మేలనిపించింది చెంచులక్ష్మికి.

"జాగర్తగా పో," అంది.

ఆటో పోయింది. కామాక్షి నున్నటి మెడ, వదులు జుట్టు, భుజాన సంచి మలుపుదాకా కనిపించాయి. చెంచులక్ష్మి లోపల నిన్న మండింది ఇవాళా మండుతూనే ఉంది. ఏమీ తగ్గలేదు. కాకపోతే అది కామాక్షి ఒక్కదాని మీద పడి కాల్చడం లేదు. ఎవరి మీద మండాలో తెలియక ఊరంతా తిరిగి వస్తోంది. ఆమె పాదాలు ఈడ్చుకుంటూ సాలు మొదలుపెట్టింది.

వసారాలో ఫోను మోగింది. బిట్రగుంటలో ఉన్న పోలేరమ్మ చిన్న చెల్లెలు. సంబంధం సంగతి అడగడానికి చేసి ఉంటుంది. పోలేరమ్మ ఫోనులో మాట్లాడితే వీధికంతా వినిపిస్తుంది.

"ఆ... కుదిరింది. లెక్చరరు. ఆ పిల్లోడికి ముప్పై నాలుగు... మన పిల్లకా? ముప్పై. ముప్పయ్యే మే, ఇరవై ఆరు ఎవురు చెప్పినారు నీకు? నేనే చెప్పినానా? అబద్ధం చెప్పినాలే."

చెంచులక్ష్మి తల ఎత్తలేదు.

"నా కోడలికా? దానికీ ముప్పయ్యే. ఇద్దురూ ఒక ఈడోళ్ళు. ఒకే బెంచీలో సదువుకున్నారు. అవును. మనమే మానిపించినాం."

రోడ్డు మీద సాలు సగంలో ఆగింది. అవతల చెల్లెలు ఏదో అడిగినట్టుంది.

"నాకా?" అంది. "యాభై రెండంట. ఎగతాళి గాదు మే. నా కోడలు లెక్కేసి చెప్పింది."

ఫోను మంచం మీద పెట్టి ఆమె కర్ర పట్టుకుని లేచింది. ఎవరూ చూడటం లేదనుకుని, ఒక చేత్తో వసారా స్తంభాన్ని పట్టుకుని, పళ్ళు బిగబట్టి, వంగిపోయిన నడుమును నిటారుగా నిలపాలని చూసింది.